చివరి రాత్రి డ్యూటీ: మరణశయ్య పక్కన నర్సుకు ఏం నేర్పాలి?

నర్సింగ్ విద్యార్థి చదువు మొదలైన కొన్నాళ్లకే ఒక పనిని వరుస తప్పకుండా నేర్చుకుంటుంది. ప్రాణం పోయాక కళ్లు మూయాలి. దవడ జారకుండా బ్యాండేజీ కట్టాలి. ట్యూబులు, క్యాన్యులాలు తీసేసి ఒళ్లు తుడవాలి. పేరు చీటీ కట్టాలి. ఒంటి మీద నగలుంటే లెక్క రాసి, బంధువుల చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. మెట్టు మెట్టుగా చేసి చూపిస్తే ప్రాక్టికల్స్‌లో మార్కులు పడతాయి.

ఆ ప్రాణం పోవడానికి ముందటి రాత్రి ఏం చేయాలో మాత్రం ఇంత వరుసగా చెప్పేవాళ్లు తక్కువ. గొంతులో గురగుర మొదలైంది. కూతురు వచ్చి "సిస్టర్, నాన్న రేపటిదాకా ఉంటారా?" అని అడుగుతోంది. నొప్పి మందు ఇంకో డోసు కావాలి, డ్యూటీ డాక్టరు క్యాజువాల్టీలో ఉన్నాడు. ఈ మూడూ ఒకేసారి వచ్చిన గంటకు పాఠం ఎక్కడుంది?

పాఠం ఉండి తీరాలన్న విషయంలో ఇప్పుడు పెద్దగా తగాదా లేదు. ఏం నేర్పాలి, ఎక్కడ నేర్పాలి, నేర్చుకున్నది వాడుకునే అధికారం నర్సుకు ఎంత ఇవ్వాలి అన్నదగ్గరే ఆరు దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. అది మన దేశానికి వచ్చేసరికి కొత్త ముడులు కూడా పడ్డాయి.

తప్పించుకోవడం నేర్పిన వార్డులు

1950ల చివర్లో ఇజబెల్ మెంజీస్ అనే మనోవిశ్లేషకురాలు లండన్‌లోని ఒక జనరల్ ఆసుపత్రిలో నర్సుల పని తీరును పరిశీలించారు. అక్కడ రోగికి పేరుండేది కాదు, "పదో నంబరు మంచం లివర్ కేసు" అనేవారు. ఒకరు టెంపరేచర్లు చూస్తే, ఇంకొకరు బెడ్‌పాన్లు, మరొకరు మందులు చూసేవారు. ఏ నర్సూ ఒక మనిషి దగ్గర ఎక్కువసేపు ఉండే వీలు లేకుండా పనిని ముక్కలు చేశారు. పని త్వరగా తెమలడం కోసం అనుకున్న ఈ ఏర్పాటు నిజానికి బాధ, చావు తెచ్చే కలతకు అడ్డంగా కట్టుకున్న గోడ అని మెంజీస్ తేల్చారు. ఆ గోడ కాపాడిందా అంటే అదీ లేదు. శిక్షణలో చేరిన విద్యార్థుల్లో దాదాపు మూడో వంతు మంది మధ్యలోనే మానేసేవారు.

అట్లాంటిక్ అవతల 1965లో బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రుల్లో మరణం చుట్టూ నడిచే దాపరికాన్ని నాలుగు రకాలుగా విడదీశారు. రోగికి ఏమీ తెలియకపోవడం ఒకటి. అనుమానం రావడం రెండోది. అందరికీ తెలిసినా తెలియనట్టు నటించడం మూడోది. దాచకుండా మాట్లాడుకోవడం నాలుగోది. ఆ మూడోదాన్ని తెలుగు ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. వాళ్ల బృందంలోనే ఉన్న నర్సు జీన్ క్వింట్ నర్సింగ్ స్కూళ్ల మీద దృష్టి పెట్టి 1967లో ఒక పుస్తకం తెచ్చారు. ప్రాణం నిలబెట్టడం గురించే స్కూళ్లు నేర్పుతున్నాయని, చనిపోతున్న మనిషితో మాట తప్పించడాన్ని విద్యార్థులు సీనియర్లను చూసి అలవాటు చేసుకుంటున్నారని అందులో చూపించారు. ఈ చర్చకు పునాది వేసిన పుస్తకం అదే. అయినా పేరు మాత్రం రెండేళ్ల తర్వాత వచ్చిన ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ పుస్తకానికి దక్కింది. నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అనే ఐదు దశలు పరీక్ష జవాబుగా రాయడానికి అంత వీలుగా ఉన్నాయి మరి. మనుషులు ఆ వరుసలో నడవరని ఆమే తర్వాత చెప్పినా, జవాబు పత్రాల్లో వరుస చెక్కుచెదరలేదు.

1967లోనే లండన్ శివార్లలోని సిడెన్‌హామ్‌లో సిసిలీ సాండర్స్ చివరి రోజుల రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. ఆమె రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నర్సుగా తయారయ్యారు. నడుము నొప్పి వల్ల ఆ పని వదిలి సోషల్ వర్కర్ అయ్యారు, 1957లో డాక్టరయ్యారు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం ప్రకారం నోటి ద్వారా మార్ఫిన్ ఇవ్వడం ఆమె పేరుతో ముడిపడిన పద్ధతి. దాన్ని ఆమె ఏ వైద్య కళాశాలలోనూ నేర్చుకోలేదు. సెయింట్ లూక్స్ అనే పేదల మరణాశ్రమంలో వలంటీరుగా పనిచేసిన రోజుల్లో అక్కడి వాడుకను చూసి పట్టుకున్నారు. 1963లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆమె ఉపన్యాసం విన్న నర్సింగ్ డీన్ ఫ్లోరెన్స్ వాల్డ్ తర్వాత పదవి వదిలేసి అమెరికాలో హాస్పిస్ పనికి నడుం కట్టారు. 1974లో కనెక్టికట్ హాస్పిస్ మొదలైంది.

మనసు, పట్టిక, పక్కన నిలబడటం

అప్పటినుంచి వచ్చిన శిక్షణ పద్ధతులన్నీ స్థూలంగా మూడు ఆలోచనల చుట్టూ తిరిగాయి.

మొదటి వర్గానికి మనసే ముఖ్యం. చావంటే తనకున్న భయాన్ని నర్సు ముందు గుర్తించాలి, అప్పుడే రోగి మాట వినగలుగుతుందని వీళ్ల నమ్మకం. పాత్రాభినయాలు, డైరీలు, నటులు రోగులుగా నటించే సిమ్యులేషన్లు వీళ్ల సాధనాలు. ఇందులో తెగని చిన్న పేచీ ఒకటుంది: సిమ్యులేషన్ గదిలో బొమ్మ రోగి ముందుగా చెప్పకుండా "చనిపోవచ్చా"? నిజంలో చెప్పి రాదు కాబట్టి చనిపోవాలని కొందరంటారు. ఆ దెబ్బకు విద్యార్థి నేర్చుకోవడమే ఆగిపోతుందని ఇంకొందరంటారు.

రెండో వర్గం పట్టిక మీద ఆధారపడుతుంది. ఆయాసానికి ఇది, నోరెండితే ఇది, కలవరింతలకు ఇది అని రాసి ఉంటే రాత్రి రెండింటికి ఒంటరిగా ఉన్న జూనియర్ నర్సు కూడా తప్పు చేయదంటుంది. ఈ ఆలోచనకు పరాకాష్ఠ లివర్‌పూల్ కేర్ పాత్‌వే. 1990ల చివర్లో లివర్‌పూల్‌లో పుట్టిన ఈ పత్రం హాస్పిస్‌లో దొరికే సంరక్షణను మామూలు వార్డుకు తేవాలనుకుంది. ఉద్దేశానికి వంక పెట్టలేం. దేశమంతా పాకేసరికి కొన్నిచోట్ల గడులకు టిక్కు పెట్టడమే సంరక్షణ అయిపోయింది. మంచినీళ్లు కూడా ఆపేశారని, తమకు చెప్పకుండానే "పాత్‌వే మీద పెట్టేశారని" కుటుంబాలు ఫిర్యాదు చేశాయి. జూలియా న్యూబర్గర్ నాయకత్వంలోని కమిటీ 2013లో దాన్ని ఎత్తేయమంది, 2014 జులైకల్లా ఎత్తేశారు. పత్రం చెడ్డదా, శిక్షణ లేకుండా చేతికివ్వడం చెడ్డదా అన్న చర్చ బ్రిటన్‌లో ఇప్పటికీ ఉంది. కమిటీ నివేదిక చదివితే రెండోదానికే మొగ్గు కనిపిస్తుంది.

మూడో ఆలోచన మన పొరుగు నుంచి వచ్చింది. 1993లో కేరళలోని కోళికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలైనవారు పెట్టిన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే సంరక్షణ) సొసైటీ క్రమంగా ఆసుపత్రి గోడ దాటి ఊళ్లలోకి వెళ్లింది. వారానికి ఇన్ని గంటలని సమయమిచ్చే ఇరుగుపొరుగు వలంటీర్లు, వాళ్లతో ఇంటింటికీ తిరిగే నర్సు, అవసరమైతే డాక్టరు. నర్సు ఇక్కడ నేర్చుకునేది తరగతిలో కంటే ఇంకో నర్సు వెనక నడిచే. కుళ్లిన పుండు వాసనకు మెట్రొనిడజోల్ బిళ్లలు నూరి చల్లడం, పాత చీరను ఉడికించి డ్రెస్సింగు గుడ్డగా మార్చడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పే పని కోడలి ఒక్కదాని నెత్తిన పడకుండా ఇంట్లో అందరికీ పంచడం ఏ సిమ్యులేషన్ గదిలోనూ దొరకవు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని విధానంగా ప్రకటించాక పంచాయతీలు తమ నిధులతో నర్సులను పెట్టుకోవడం ఊపందుకుంది.

మొదటి దారిలో నర్సు బాగా మాట్లాడుతుంది, కానీ మందు సంగతి తెలియకపోతే ఆ మాటతో నొప్పి తగ్గదు. రెండో దారిలో నొప్పి తగ్గవచ్చు, మనిషి మాత్రం కాగితం వెనక దాక్కుంటాడు. మూడో దారి రెండింటినీ కలుపుతుంది గానీ, చూపించే అనుభవజ్ఞురాలు ముందుగా ఉండాలి. ఆమె లేని జిల్లాలో ఎవరి వెనక నడవాలి? అమెరికాలో 2000లో నర్సింగ్ కళాశాలల సంఘం, కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ ఆసుపత్రి కలిసి మొదలుపెట్టిన ఎల్నెక్ కార్యక్రమం ఈ ముడిని "శిక్షకులకు శిక్షణ" అనే పద్ధతితో విప్పాలని చూసింది. అది అనేక దేశాలకు పాకింది. పాఠాలు బాగుంటాయి. వెనక్కి వెళ్లిన శిక్షకురాలికి తన ఆసుపత్రిలో పాఠం చెప్పే సమయం, అధికారం ఉన్నాయా అన్నది వేరే సంగతి.

ఇక అందరికీ కొంచెం నేర్పాలా, కొందరికే లోతుగా నేర్పాలా అన్న తగువు ఉంది. యూరోపియన్ పాలియేటివ్ కేర్ సంఘం 2004లోనే నర్సులకు మూడు స్థాయిలు సూచించింది: అందరికీ ప్రాథమికం, మరణాలు తరచూ చూసే వార్డుల వారికి మధ్యమం, నిపుణులకు ఉన్నతం. కాగితం మీద దాదాపు అందరూ దీన్ని ఒప్పుకున్నారు. ఖర్చు దగ్గరే పేచీ.

"ఆయనకు చెప్పొద్దు సిస్టర్"

మన దేశంలో వాదన అసలు వేడెక్కేది ఇక్కడ. పాశ్చాత్య పాఠ్యాంశాలన్నీ రోగికి నిజం తెలిసే హక్కు నుంచి మొదలవుతాయి. మన వార్డులో మొదట పలకరించేది కొడుకు: "ఆయనకు చెప్పొద్దు సిస్టర్, తట్టుకోలేరు." మంచం మీదున్న తండ్రి కూడా కొడుకు టీకి వెళ్లినప్పుడు అదే సిస్టర్‌ను పిలుస్తాడు: "నాది అయిపోయిందని నాకు తెలుసు గానీ, వాడికి చెప్పకమ్మా, బెంగపెట్టుకుంటాడు." గ్లేజర్, స్ట్రాస్ రాసిన నటనకు ఇంతకంటే చక్కని ఉదాహరణ ఉండదు. మధ్యలో ఇరుక్కున్నది నర్సు. జబ్బు పేరు చెప్పే అధికారం ఆమెకు లేదు, అడిగేది మాత్రం ఆమెనే.

ఒక పక్షం దీన్ని కుటుంబ కేంద్రిత సంస్కృతిగా గౌరవించాలంటుంది. ఇంకో పక్షం సంస్కృతి పేరుతో రోగి నోరు నొక్కుతున్నామంటుంది. భారతీయ పాలియేటివ్ శిక్షకుల్లో ఎక్కువమంది పట్టుకున్నది మధ్యేమార్గం: కుటుంబంతో ముందు మాట్లాడి, దాపరికం వెనక ఉన్న ప్రేమను ఒప్పుకుని, రోగి అడిగినంత మేరకే, అడిగిన వేగంతోనే చెప్పడం. వినడానికి సులువే. చేయడానికి భాష అడ్డం పడుతుంది.

నర్సింగ్ చదువు ఇంగ్లిష్‌లో, వార్డు తెలుగులో. చెడు వార్త చెప్పడానికి 2000లో వచ్చిన స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతిని ప్రపంచమంతా నేర్పుతారు. అందులో ఒక మెట్టు, జబ్బు గురించి రోగికి ఏం తెలుసో అడగడం. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో "మీ జబ్బు గురించి మీకేం తెలుసు?" అంటే నిలదీసినట్టుంటుంది. "డాక్టరు గారు మీకేం చెప్పారండీ?" అంటే మాట మొదలవుతుంది. ఇంతే తేడా, కానీ పాఠం నిలిచేదీ కూలేదీ ఆ తేడా మీదే. "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అన్న మాటకు మన జనం చెప్పుకునే అర్థం ఏ ఇంగ్లిష్ పాఠంలోనూ ఉండదు. తెలుగులో ఈ సంభాషణలను వార్డు భాషలో రాసి, మాండలికాల తేడాలు చూసి, విద్యార్థులతో పలికించే పని పెద్ద ఎత్తున జరగాల్సి ఉంది.

ఆచారాల సంగతీ అలాంటిదే. స్పృహ తప్పుతున్న మనిషి నోట్లో తులసి తీర్థం పోయాలని ఇంటివారు చెంచా పట్టుకుంటారు. మింగలేని గొంతులో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయని నర్సు చదివింది. వద్దంటే జీవితాంతం నిష్ఠూరం. సరేనని ఊరుకుంటే ఆ చివరి గంట దగ్గుతో ఉక్కిరిబిక్కిరి. అనుభవం ఉన్న సిస్టర్ తల పక్కకు తిప్పించి, దూదిని తీర్థంలో తడిపి పెదవుల మీద అద్దిస్తుంది. జమ్ జమ్ నీళ్లయినా అంతే. సెలైన్ గొడవ ఇంకా కష్టం. "ఆకలితో పంపలేం, గ్లూకోజు ఎక్కించండి" అనే మాట ముందు, మూసుకుపోతున్న శరీరానికి ఎక్కించిన ద్రవం వాపుగా, గురకగా మారుతుందని చెప్పడానికి ఓపికే కాదు, పక్కన కూర్చునే పావుగంట కూడా కావాలి. నలభై పడకలకు ఇద్దరు సిస్టర్లున్న రాత్రి ఆ పావుగంట ఎక్కడినుంచి వస్తుంది?

మార్ఫిన్ బీరువా తాళం

నేర్చుకున్నది వాడే అధికారం లేకపోతే నేర్పి ప్రయోజనమేమిటి? ఈ ప్రశ్న మార్ఫిన్ దగ్గర సూటిగా తగులుతుంది. చట్టబద్ధంగా నల్లమందు పండించే పెద్ద దేశాల్లో మనది ఒకటి. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం లైసెన్సుల మీద లైసెన్సులు పెట్టడంతో ఆసుపత్రులు ఆ మందే తెప్పించడం మానేశాయి. 1997 నాటికి దేశమంతటి వైద్య వినియోగం 18 కిలోలకు పడిపోయింది. ఒక తరం నర్సులు మార్ఫిన్ అంటే తాళం, రిజిస్టరు, భయం అని నేర్చుకుని రిటైరయ్యారు. 2014 సవరణ నిబంధనలను సడలించింది. భయం అంత తొందరగా సడలలేదు.

ఉగాండా వేరే దారి పట్టింది. డాక్టర్ ఆన్ మెరిమన్ 1993లో అక్కడ హాస్పిస్ ఆఫ్రికా ఉగాండా స్థాపించారు. పొడిని నీళ్లలో కలిపి తయారుచేసే చవకైన మార్ఫిన్ ద్రావణం ఉంది, రాసిచ్చే డాక్టర్లు లేరు. అందుకని 2004లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, క్లినికల్ ఆఫీసర్లు మార్ఫిన్ రాయవచ్చని చట్టం మార్చారు. శిక్షణకు అధికారం జోడించిన ఈ నమూనాను సమర్థించేవారు, ఆరు గంటలు బస్సెక్కి డాక్టరు దగ్గరకు పోయే స్థితిలో రోగి ఉండడని గుర్తు చేస్తారు. దుర్వినియోగం జరిగితే బాధ్యత ఎవరిదని వ్యతిరేకులు అడుగుతారు. మన దేశంలో నర్సుకు ఆ అధికారం లేదు. డాక్టరు ముందే రాసిపెట్టిన పరిధిలో, నొప్పి కొలిచి అదనపు డోసు ఇచ్చే వెసులుబాటుతో మన సంస్థలు కొన్ని నెట్టుకొస్తున్నాయి. ఈ విషయంలో ఉగాండా మనకంటే ముందుందని ఒప్పుకోవడానికి నామోషీ అక్కర్లేదు.

సంతకం ఒకరిది, చేయి ఇంకొకరిది

ముంబై కెఇఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973 నవంబరు 27న దాడికి గురై మెదడు దెబ్బతిని, 42 ఏళ్లు అదే ఆసుపత్రిలో మంచం మీదే ఉండి 2015 మే 18న మరణించారు. ఆహారం ఆపేయడానికి అనుమతి కోరుతూ రచయిత్రి పింకీ విరానీ వేసిన పిటిషన్‌పై 2011 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అన్నేళ్లలో ఆమెకు ఒక్క మంచపుండు కూడా రాలేదన్న విషయం కోర్టు దృష్టికి వచ్చింది. ఆమె తరఫున మాట్లాడాల్సింది విరానీ కాదు, కెఇఎం సిబ్బంది అని కోర్టు అంది. ఆ సిబ్బంది వద్దన్నారు. నర్సుల సంరక్షణకు దేశ అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన గుర్తింపు అది. దాన్ని మమకారమనీ అన్నారు, రోగి గౌరవాన్ని మించిన మొండితనమనీ అన్నారు. నర్సింగ్ నీతిశాస్త్రం తరగతుల్లో ఇంతకంటే మంచి చర్చాంశం దొరకదు.

అదే కోర్టు 2018 మార్చి 9న గౌరవంగా మరణించే హక్కును, ముందస్తు వీలునామాను గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సరళం చేసింది. ఇప్పుడు చికిత్స చేస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులతో ప్రాథమిక బోర్డు, దానిపై ఇంకో బోర్డు. రెండింటిలోనూ నర్సుకు కుర్చీ లేదు. బోర్డు తేల్చాక వెంటిలేటరు పక్కన నిలబడేది, కుటుంబాన్ని లోపలికి తీసుకొచ్చేది, చివరిదాకా నోరు తడిపేది నర్సే. సరైనదేమిటో తెలిసినా సంస్థ కట్టుబాట్ల వల్ల అది చేయలేకపోయినప్పుడు కలిగే వేదనకు ఆండ్రూ జేమ్‌టన్ 1984లో నైతిక క్షోభ అని పేరు పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం చేయకూడని సందర్భాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద నిర్ణయం రాయకుండా, "నెమ్మదిగా చెయ్యండి" అని నోటిమాటగా చెప్పి వెళ్లిపోయే పాత అలవాటు నుంచి నర్సును కాపాడేది ఆ రాతే.

కొలబద్ద తగువు

శిక్షణ పనిచేసిందని ఎలా తెలుస్తుంది? పరిశోధనల్లో ఎక్కువ భాగం ఒకే పని చేస్తాయి: శిక్షణకు ముందు, తర్వాత నర్సులకు ప్రశ్నావళి ఇస్తాయి. 1991లో క్యాథరిన్ ఫ్రామెల్ట్ తయారుచేసిన 30 ప్రశ్నల కొలమానం ఇందులో అందరికీ ఇష్టం. మార్కులు పెరుగుతాయి, వ్యాసం అచ్చవుతుంది. రోగికి నొప్పి తగ్గిందా అని అడిగినవి తక్కువ. క్యాన్సర్ సిబ్బందికి సంభాషణ శిక్షణపై 2018 నాటి కాక్రేన్ సమీక్ష కూడా ఇలాంటి మాటే చెప్పింది: సిబ్బంది మాటతీరు మారింది, రోగుల స్థితి మెరుగుపడిందనడానికి సరైన ఆధారం దొరకలేదు.

ఎదురు ఉదాహరణ లేకపోలేదు. 2009లో వెలువడిన ఎనేబుల్ టూ అనే అమెరికన్ అధ్యయనంలో శిక్షణ పొందిన నర్సులు ముదిరిన క్యాన్సర్ ఉన్నవారితో ఫోనులోనే క్రమంగా మాట్లాడారు. రోగుల జీవన నాణ్యత, మనఃస్థితి మెరుగయ్యాయి. లక్షణాల తీవ్రత మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అంటే మాట ఒక పని చేస్తుంది, మందు ఇంకో పని. రెండూ ఒకే నర్సు చేతిలో ఉన్నప్పుడు ఏమవుతుందో చూపే గట్టి పరీక్షలు మనలాంటి దేశాల నుంచి రావాలి.

రెడ్‌హిల్స్ నుంచి చేవెళ్లదాకా

మరణ నాణ్యతా సూచీలో భారత్ 2010లో 40 దేశాల్లో చిట్టచివర నిలిచింది, 2015లో 80 దేశాల్లో 67వది. ఆ రెండు సూచీల మధ్యలోనే, 2012లో జాతీయ పాలియేటివ్ కేర్ కార్యక్రమం వచ్చింది. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బీఎస్సీ పాఠ్యప్రణాళికలో పాలియేటివ్ కేర్ మాడ్యూల్‌ను తప్పనిసరి చేసింది. పుస్తకానికి సంబంధించినంతవరకు తగువు చాలావరకు తీరినట్టే.

పడక దగ్గర తీరలేదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో పెద్దలకు, పిల్లలకు పాలియేటివ్ సేవలున్నాయి. 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ డబ్బు తీసుకోకుండా చివరి రోజుల వారిని చూస్తోంది. చేవెళ్లలో ప్రయోగంగా మొదలై తెలంగాణ జిల్లాలకు విస్తరించిన ప్రభుత్వ కేంద్రాల నుంచి "ఆలన" వాహనాల్లో నర్సులు ఊళ్లకు వెళ్తున్నారు. నేర్చుకోవడానికి చోట్లు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోని నర్సింగ్ కళాశాలల సంఖ్య ముందు అవి కొద్ది. ఆ కొద్ది చోట్లకైనా విద్యార్థులు అందరూ చేరరు. మాడ్యూల్ క్లాసులో పూర్తవుతుంది, పోస్టింగు మళ్లీ సర్జికల్ వార్డులోనే.

రాష్ట్ర నర్సింగ్ మండళ్లు, ఆరోగ్య విశ్వవిద్యాలయాలు చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి బీఎస్సీ, జీఎన్‌ఎం విద్యార్థికీ కనీసం రెండు వారాలు హాస్పిస్‌లోనో, ఇంటింటికీ తిరిగే వాహనంలోనో పోస్టింగు తప్పనిసరి చేయాలి. దాన్ని లాగ్‌బుక్‌లో అనుభవమున్న పాలియేటివ్ నర్సు సంతకంతోనే లెక్కించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.